సున్నా కింద నీళ్లు

26 ఆగస్టు 1985, సోమవారం

ఈరోజు నుంచి నా పని డ్రైవరు మీద. ఇంట్లో ఈ ముక్క చెప్పి తప్పు చేశాను. నాన్న టాటానగర్‌లో గూడ్సు గార్డు. ఆయనకి డ్రైవరంటే ఒకటే అర్థం. "ఏ ఇంజనిచ్చినారే నీకు?" అన్నారు పళ్లెంలోంచి తలెత్తకుండా. అమ్మ నవ్వాపుకోలేక వంటింట్లోకి పోయింది.

డ్రైవరంటే మనిషి కాదు నాన్నా, ఒక చిన్న ప్రోగ్రాము. బాయిలర్ హౌస్‌లో మీటర్లు వాటి భాషలో అవి ఏదో చెబుతాయి. కంప్యూటర్‌కి ఆ భాష రాదు. మధ్యలో కూర్చుని ఇటుది అటు చెప్పేదే డ్రైవరు. ఇదంతా వివరించాను. "అయితే దుబాసీ అను, అంత మాటెందుకు" అన్నారు. నిజమే, ఇంతకంటే బాగా సేన్‌గుప్తా గారు కూడా చెప్పలేదు.

పాత ప్రోగ్రాము మిషను అమ్మినవాళ్ల మనిషి కలకత్తా నుంచి వచ్చి రాసిపోయాడు. చెత్త. ఎక్కడ ఏ అంకె ఎందుకు ఉందో రాసినవాడికే తెలియాలి. విశ్వకర్మ పూజ లోపు దాన్ని శుభ్రం చెయ్యమన్నారు సేన్‌గుప్తా గారు. ఆయన మా కంప్యూటర్ గదికి పెద్ద, నాకు పై అధికారి, ఎవరి మీదా గొంతు పెంచని మనిషి. ఆ గదిలో నేనొక్కదాన్నే ఆడదాన్ని. ప్రొబేషన్ ఇంకా పూర్తి కాలేదు.

చెప్పులు బయట విడిచి ఆ చల్లటి గదిలోకి అడుగు పెట్టిన ప్రతిసారీ నా గొంతు దానంతటదే తగ్గిపోతుంది. బీరువా అంత మిషను. దాని నుదుటి మీద ఒకే వరసలో పదహారు చిన్న ఎర్ర దీపాలు. అది ఏ అంకె గురించి ఆలోచిస్తోందో ఆ దీపాల్లో కనిపిస్తుంది. ఇంత వయసొచ్చి దీపాలు చూసి నోరు తెరుస్తున్నానని ఎవరికీ చెప్పను.

30 ఆగస్టు

సాధించాను!

ఆవిరి ప్రెషర్ మీటరు సగం వరకు బుద్ధిగా చూపించి, సగం దాటగానే మైనస్‌లోకి పడిపోయేది. ఏడాదిగా ఆ మీటరుని తిడుతున్నారు. పాపం మీటరు ఏ తప్పూ చెయ్యలేదు. తప్పు డ్రైవరుది.

సంగతి ఏమిటంటే, పదహారు దీపాల్లో ఎడమ చివర దీపం ఉందే, దానికి రెండు వేషాలు. మామూలుగా "ఇంట్" అని రాస్తే ఆ దీపం అంకె కాదు, మైనస్ గుర్తు. అది వెలిగిందంటే సున్నాకి కింద ఉన్నట్టు. అదే "అన్‌సైన్డ్" అని రాస్తే అదే దీపం పెద్ద అంకె అయిపోతుంది, ఇక మైనస్ అన్నది ఉండదు. మీటరు పెద్ద అంకె పంపుతోంది, డ్రైవరు దాన్ని మైనస్ అనుకుంటోంది. ఒక్క మాట మార్చాను. మీటరు నిటారుగా లేచి నిలబడింది.

దీపాలు అవే. వెలిగినవి అవే. వాటికి అర్థం మాత్రం నేను రాసిన మాటని బట్టి మారిపోయింది. బస్సులో వస్తూ ఇదే ఆలోచిస్తూ మా స్టాపు దాటేశాను.

సేన్‌గుప్తా గారు గదంతటికీ సందేశ్ మిఠాయిలు తెప్పించారు.

2 సెప్టెంబరు

అన్‌సైన్డ్. గుర్తు లేనిది. ఎంత శుభ్రమైన మాట.

5 సెప్టెంబరు

కంట్రోల్ రూమ్‌లో చిన్నారావు ఈరోజు అందరి ముందూ నా పరువు తీశాడు. తెలుగువాడే, కానీ ఇక్కడే పుట్టి పెరిగాడు. తెలుగులో పలకరిస్తే హిందీలో జవాబిస్తాడు. వాడి స్క్రీను మీద బాయిలర్ నీళ్ల ట్యాంకు "మైనస్ రెండు శాతం" అని చూపిస్తోంది. "దీదీ, ఈ మైనస్ పానీతో మైనస్ చాయ్ పెట్టమంటారా?" అన్నాడు, హిందీలోనే. అందరూ ఒకటే నవ్వు.

ట్యాంకు బాగా అడుగంటినప్పుడు మీటరు కొంచెం కిందికి జారుతుందట, దాని గుణం అది. సున్నా అని గీత గీసిన చోటు కంటే ఒక వెంట్రుకవాసి కింద నిలబడుతుంది. దానిలోంచి సున్నా గీతని తీసివేస్తే మైనస్ వస్తుంది.

సేన్‌గుప్తా గారు కూడా ముఖం చిట్లించారు. "మైనస్ నీళ్లేమిటి, పద్మా? చూసేవాళ్లు నవ్వుతారు. తీసెయ్యి."

తీసేశాను. ఇప్పుడు నా దగ్గర మందుంది కదా. ట్యాంకు లెక్కలన్నీ అన్‌సైన్డ్ చేశాను. మీటరుని బల్ల మీద పెట్టి నిండుగా, సగంగా, సున్నా దగ్గర, అన్నిటికీ పరీక్షించాను. అన్నీ సరిపోయాయి. సేన్‌గుప్తా గారు సంతకం పెట్టారు.

ట్యాంకులో నీళ్లు సున్నా కంటే తక్కువ ఉండవు. చిన్నపిల్లలకైనా తెలిసిన విషయం.

8 సెప్టెంబరు, ఆదివారం

పోలరాజు మావయ్య వచ్చాడు. అమ్మకి తమ్ముడు. మా ఫ్యాక్టరీలోనే బాయిలర్‌కి నీళ్లు తోసే పంపు హౌస్ ఆయనది. అంటే, ఆయన చెప్పుకోవడం అలాగే ఉంటుంది. "నాను ఒక్క పూట తొంగుంటే ఫేక్టరీ తొంగుంటాది" అన్నాడు, మా ఇంట్లో రెండోసారి అన్నం పెట్టించుకుంటూ. అమ్మ ప్రతిసారీ కొత్తగా విన్నట్టు మురిసిపోతుంది.

"ఇప్పుడు నీ ట్యాంకు నా చేతుల్లో ఉంది మావయ్యా" అన్నాను.

"నీ సేతుల్లో ఏటుందే? నువ్వెప్పుడైనా సూసినావా అదెలగుంటాదో?"

చూడలేదు. ఒప్పుకోలేదు. అంకెలు చూస్తే చాలదా!

17 సెప్టెంబరు, మంగళవారం, విశ్వకర్మ పూజ

ఇవాళ్టిది ఇవాళే రాయాలి.

పొద్దున్న ఊరంతా పండగే. ప్రతి వర్క్‌షాపులో మిషన్లకి బంతిపూల దండలు, బొట్లు, మైకులు. మా కంప్యూటర్‌కి కూడా దండ వేశాం. కుంకుమ లోపల రాలుతుందని సేన్‌గుప్తా గారు గిలగిల్లాడితే కాస్త గంధం మాత్రం తలుపుకి అంటించాం. నాకూ చేతులెత్తి దణ్ణం పెట్టాలనిపించింది. పెట్టాను.

మధ్యాహ్నం ప్రసాదం తింటుండగా సైరను. ఆ వెంటనే ఒక అరుపు. మనిషిది కాదు. బాయిలర్ తన ఆవిరంతా బయటికి వదిలేస్తోంది. కిటికీ అద్దాలు కొట్టుకున్నాయి. చెప్పులు లేకుండా బయటికి పరిగెత్తాను. బాయిలర్ హౌస్ మీద ఆకాశం కనపడకుండా తెల్లటి ఆవిరి. ఆ అరుపు గుండెల్లోకి దిగి అక్కడే కూర్చుంది. విస్తరాకులు చేత్తో పట్టుకునే జనం గేటు వైపు పరుగులు. అది ఎంత పెద్దదో నాకు ఈరోజే తెలిసింది. ఇన్నాళ్లూ నాకు అది స్క్రీను మీద ఒక పేరు.

ఎవరికీ ఏమీ కాలేదు. నిప్పు లాగేసి చల్లార్చారు. ట్యాంకులో నీళ్లు అయిపోయి, బాయిలర్ లోపలి గొట్టాలు ఎండి, వంగిపోయాయట. ఇంకాస్త ఆలస్యమైతే పేలేదట.

18 సెప్టెంబరు

రిపోర్టు వచ్చింది. పంపు హౌస్ నుంచి పోలరాజు ఫోన్ చేసి "ట్యాంకు ఫుల్" అని చెప్పాడట. చిన్నారావు స్క్రీను చూశాడట, అక్కడా ఫుల్. రెండూ సరిపోయాయని, కొత్త నీళ్లు వచ్చే వాల్వు మూసేశాడు. ట్యాంకు నిజానికి ఎండిపోయి ఉంది.

స్క్రీను ఎందుకు ఫుల్ చూపిందని ఎవరో అడిగితే, మీటరు ఎక్కడో పట్టేసి ఉంటుందన్నారు. మీటర్లు పట్టేస్తాయి. కానీ మనిషి కళ్లతో చూసి ఫుల్ అన్నాడే, అదీ నేరం. మావయ్యని సస్పెండ్ చేశారు.

సాయంత్రం వచ్చి మా ఇంట్లో కేకలు. "నానేటి తప్పు సేసినాను? ఫోను సేసినాను, సెప్పవలసిన మాట సెప్పినాను. ఆ గుంటడు ఇన్నాడు, ఠీక్ హై చాచా అన్నాడు. ఇంకేటి సెయ్యమంటారు నన్ను?"

నాకు ఒళ్లు మండింది. పండగ పూట ఎవరో ఏదో తాగబోసి ఉంటారు, ఖాళీ ట్యాంకు నిండుగా కనబడి ఉంటుంది. ఈ మాట పైకి అన్లేదు కానీ, నా ముఖం చూసి అర్థం చేసుకున్నట్టున్నాడు. చెప్పులేసుకుని వెళ్లిపోయాడు.

19 సెప్టెంబరు

ట్యాంకులో నీళ్లు సున్నా కంటే తక్కువ ఉండవు.

22 సెప్టెంబరు, ఆదివారం

చిలకమ్మత్త వచ్చింది, మావయ్య భార్య. కూర్చోమంటే కూర్చోలేదు. ఎంక్వయిరీ ముప్పయ్యో తారీకున. తప్పని తేలితే ఉద్యోగం తీసేస్తారు, అగ్రికోలో క్వార్టరు ఖాళీ చేయాలి. "ఈ వయసులో ఎవుడు పనిస్తాడు? ఎక్కడికెల్తాం?"

"అత్తా, ఆయనే ఫుల్ అన్నాడంట కదా."

"మీ మావయ్య గొప్పలు సెప్పుకుంటాడు. నాను కాదన్ను. గొప్పలికీ అబద్దాలికీ తేడా లేదేటి, అమ్మడూ? నీ మిసనుని ఒకపాలి అడుగు."

మిషను అబద్ధం ఆడదత్తా అన్నాను. చాలా నమ్మకంగా అన్నాను. ఆవిడ నా వంక చూసి, అమ్మ ఇచ్చిన కాఫీ తాగకుండా వెళ్లిపోయింది.

మీటరు పట్టేసిందని వాళ్లే చెప్పారు కదా. నాకేం సంబంధం.

24 సెప్టెంబరు

పొద్దున్న గొడుగు తీసుకుని గుమ్మం దాటుతున్నాను. లోపల్నుంచి అమ్మ, "ఓలె, బియ్యం నిండుకున్నాయే. వత్తావత్తా బజార్లో పట్రా" అంది.

అలాగే అన్నాను. గేటు దాటాను. రైల్వే గోడ వరకు వెళ్లాను. అక్కడ ఆగిపోయాను.

నిండుకున్నాయి.

పుట్టినప్పట్నుంచి వింటున్న మాట. అమ్మ ఏనాడూ బియ్యం అయిపోయాయి అనదు. లేవు అనదు. డబ్బా బోర్లించి కొట్టినా గింజ రాలకపోతే, నిండుకున్నాయి అంటుంది. ఇంట్లో లేదన్న మాట పలకకూడదని. పప్పు, నూనె, ఉప్పు, అన్నీ అంతే. ఖాళీ అయిన ప్రతిదీ మా ఇంట్లో నిండుకుంటుంది. ఇన్నేళ్లు విని ఒక్కసారి కూడా ఆగి ఆలోచించలేదు. ఆఫీసుకి వెళ్లలేదు. అగ్రికో వైపు వెళ్లే ఆటో ఎక్కాను.

మావయ్య మంచం మీద గోడ వైపు తిరిగి పడుకున్నాడు. 

"మావయ్యా, ఫోన్లో ఏ మాటన్నావు? ఉన్నదున్నట్టు సెప్పు."

"ఇప్పుడడుగుతన్నావేటి? ఆరోజు మొకం సిట్లించుకున్నావు కదా."

"తప్పయింది. సెప్పు."

లేచి కూర్చున్నాడు. "ట్యాంకు నిండుకుంది నాయనా, బేగి సూసుకో అన్నాను. ఇంకేటంతాను?"

"అయిపోయిందని ఎందుకు అన్లేదు? ఖాళీ అన్లేకపోయావా?"

మావయ్య నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు. "పండగ పూట, పంపుకి దండేసి కొబ్బరికాయ కొట్టినాను. దాని ముందల నిలబడి అయిపోనాదని నోటంట ఎలగంటానే? నీకు బుద్దుందా? ఆ గుంటడు మన తెలుగోడే కదా, తెలీదేటి?"

తెలియదు మావయ్యా. వాడు ఇక్కడ పుట్టాడు. వాడికి నిండుకోవడం అంటే నిండడమే.

మావయ్య నిజమే చెప్పాడు. ఆయన మాట నిజమైతే, మరి స్క్రీను...

25 సెప్టెంబరు

జ్వరమని సెలవు పెట్టాను. జ్వరం లేదు.

26 సెప్టెంబరు

చేశాను.

భోజనాల వేళ, గదిలో ఎవరూ లేనప్పుడు, మిషను ముందు కూర్చున్నాను. ముందు సున్నా పెట్టాను. పదహారు దీపాలూ ఆరిపోయి ఉన్నాయి. ఖాళీ ట్యాంకు అంటే ఇదే. అందులోంచి ఒకటి తీసెయ్యమన్నాను. అంతే, ఒక్కటి. మీటరు వెంట్రుకవాసి జారితే ఎంతో అంత.

పదహారు దీపాలూ ఒక్కసారిగా వెలిగాయి.

ఎంతసేపు చూశానో తెలియదు. ఏమీ లేని దానిలోంచి ఇంకొంచెం తీస్తే అన్నీ వెలిగాయి. మైనస్ గుర్తుందని రాసి ఉంటే దీన్ని "మైనస్ ఒకటి" అని చదువుకునేది. నేను గుర్తు తీసేశాను. ఇప్పుడు అదే వెలుగు దానికి అన్నిటికంటే పెద్ద అంకె. అంతకంటే పెద్దది దానికి లేదు. నూరు శాతం దాటితే నూరు చూపమని కూడా నేనే రాశాను. స్క్రీను మీద ఫుల్.

బల్ల మీద పరీక్షించినప్పుడు మీటరు సరిగ్గా సున్నా మీదే నిలబడింది. సున్నా కిందికి నేను వెళ్లి చూడలేదు. అక్కడ ఏమీ ఉండదనుకున్నాను.

నాకు ఏడుపు వచ్చింది, నిజం. భయంతో కాదు, అప్పటికి భయం ఇంకా రాలేదు. మా అమ్మ డబ్బా అడుగున చెయ్యి పెట్టి అనే మాటని ఈ బీరువా కూడా తన దీపాలతో అంటోంది. ఎక్కడో సముద్రాల అవతల తయారైన మిషను. దానికి తెలుగు ఎవరు నేర్పారు? నేనే నేర్పాను, తెలియకుండా. ఒక మనిషీ ఒక మిషనూ ఒకే పూట ఒకే మాట అన్నారు. వినేవాడు ఇద్దరినీ ఒకేలా నమ్మాడు. ఆ తెల్లటి ఆవిరి, ఆ అరుపు, అదంతా నేను చెరిపిన ఒక చిన్న గీతలోంచి వచ్చింది. ఇంత పెద్దది ఇంత చిన్నదానిలో పడుకుని ఉంటుందని నాకెవరూ చెప్పలేదు. చెప్పినా నమ్మేదాన్ని కాదు.

దీపాలు ఆర్పి బయటికొచ్చాక భయం వచ్చింది.

27 సెప్టెంబరు

సేన్‌గుప్తా గారికి చూపించాను. దీపాలు రెండుసార్లు ఆర్పి వెలిగించి చూశారు. తర్వాత కళ్లజోడు తుడుచుకుంటూ, "నువ్వు మార్చావు, నేను సంతకం పెట్టాను. చల్లగా సరిచెయ్యి. మీటరు పట్టేసిందని ఎలాగూ రాసుకున్నారు. నీ ప్రొబేషన్ నెలాఖరుకి నా బల్ల మీదికి వస్తుంది" అన్నారు.

"సార్, అలాగైతే ఆయన ఉద్యోగం?"

"ఆయన ఫుల్ అన్నాడు కదా, పద్మా."

ఆయన అన్లేదని చెప్పాను. మాట అర్థం విడమరిచి చెప్పాను. సేన్‌గుప్తా గారు నవ్వలేదు. మెల్లగా, "మా ఇంట్లో కూడా బియ్యం అయిపోతే అమ్మ బెంగాలీలో 'బాడంత' అనేది. అంటే పెరిగాయి అని" అన్నారు.

సాయంత్రం నేను వెళ్లేటప్పుడు, "ముప్పయ్యో తారీకు నేను కూడా వస్తాను" అన్నారు.

30 సెప్టెంబరు

మొదటినుంచీ రాస్తాను, లేకపోతే రేపటికి నాకే నమ్మకం ఉండదు.

ఎంక్వయిరీ ఆఫీసరు ఝా సాబ్. పెద్ద మీసం, చిన్న గొంతు. నేను లేచి నిండుకోవడం గురించి చెప్పగానే, "మీరు ముద్దాయికి మేనకోడలు. మీరు చెప్పిన అర్థం నేనెలా తీసుకుంటాను?" అన్నారు. న్యాయమే. మావయ్యని అడిగారు, "ఒక్క మాటలో చెప్పు. ట్యాంకు ఖాళీనా, కాదా?" మావయ్య ఆ గదిలో గోడ మీదున్న విశ్వకర్మ క్యాలెండరు వంక చూసి, "నిండుకుంది సాబ్" అన్నాడు. ఉద్యోగం పోతున్నా అదే మాట! నాకు ఆయన మెడ పిసకాలనిపించింది, కాళ్లకి దణ్ణం పెట్టాలని కూడా అనిపించింది.

అప్పుడు ఝా సాబ్ నేను ఊహించని పని చేశారు. ప్యూనుని పంపి వర్క్‌షాపుల్లో దొరికిన తెలుగువాళ్లని పిలిపించి, వరండాలో నిలబెట్టి, ఒక్కొక్కరినీ లోపలికి పిలిచి ఒకటే ప్రశ్న అడిగారు. మీ ఇంట్లో ఆడవాళ్లు బియ్యం నిండుకున్నాయంటే మీరేం చేస్తారు?

సూర్యం అని ఒక పాత ఖలాసీ, "సంచీ అట్టుకుని కొట్టుకెల్తాను" అన్నాడు. తర్వాతి ఆయన, "జీతం రానీయే అంటాను" అన్నాడు. పెద్దవాళ్లందరూ ఏదో రకంగా కొట్టుకే వెళ్లారు. ఇక్కడ పుట్టిన కుర్రాళ్లు మాత్రం వరసగా, "ఏం చేస్తాం సాబ్? భర్ గయా తో అచ్ఛా హై" అన్నారు, నిండితే మంచిదేగా అని. ఒకే కంచంలో తింటున్న తండ్రి ఒకటీ, కొడుకు ఒకటీ. ఝా సాబ్ కలం కింద పెట్టేసి వింటూ కూర్చున్నారు. గదిలో అందరం అలాగే కూర్చున్నాం. ఒక మాట మధ్యలోంచి ఇలా రెండుగా విడిపోవడం కళ్ల ముందు చూస్తున్నాం.

చిన్నారావుని పిలిస్తే వాడు లోపలికి వస్తూనే ఏడ్చేశాడు. ఈ సంగతి ఎలాగో చెవిన పడి, నిన్న రాత్రి వాళ్లమ్మని అడిగాడట. జీవితంలో మొదటిసారి వాడి నోట తెలుగు విన్నాను. "నాకు ఎవులూ సెప్పలేదు సాబ్" అన్నాడు.

"సరే, పోలరాజు ఖాళీ అనే అన్నాడు. మరి స్క్రీను?" అన్నారు ఝా సాబ్. 

అందర్నీ కంప్యూటర్ గదికి తీసుకెళ్లాను. చెప్పులు విప్పించాను. మావయ్య కూడా వచ్చాడు, చేతులు కట్టుకుని అందరి వెనక నిలబడ్డాడు. సున్నా పెట్టాను. దీపాలు ఆరాయి. "ఇది ఖాళీ ట్యాంకు" అన్నాను. ఒకటి తీసేశాను. అన్నీ వెలిగాయి. ఎవరో "అరె" అన్నారు, ఝా సాబే అనుకుంటాను.

"దీన్ని మైనస్ అని చదవాలి. ఫుల్ అని చదివేలా మార్చింది నేను" అన్నాను. "చూసి సంతకం పెట్టింది నేను" అన్నారు పక్కనుంచి సేన్‌గుప్తా గారు.

తల తిప్పి మావయ్య కోసం చూశాను. ఆయన దీపాల్ని చూస్తున్నాడు. ఆ తర్వాత నన్ను చూశాడు. చెప్పులేసుకుని వెళ్లిపోయాడు.

1 అక్టోబరు

సరిచేశాను. మీటరు పంపే ముడి అంకె అన్‌సైన్డ్‌గానే ఉంచాను, అది నిజంగా సున్నాకి కిందికి పోదు. తీసివేత జరిగే చోట మాత్రం మైనస్ గుర్తు ఉండాలి, ఆ గుర్తు ఒక దీపాన్ని తినేస్తుంది కనక చోటు కూడా రెట్టింపు ఉండాలి. సున్నా కిందికి పోతే దాన్ని దాచి అందమైన అంకె చూపించకుండా, గంట కొట్టి "ట్యాంకు చూడండి" అని చెప్పాలి. కోడు అంతా మళ్లీ మొదటినుంచి చదువుతున్నాను. నేను అన్‌సైన్డ్ అని రాసిన ప్రతిచోటా ఆగి, ఇందులోంచి ఎవరైనా ఏదైనా తీసేస్తారా అని అడుగుతున్నాను.

ఇక మైనస్ నీళ్లు చూసి ఎవరైనా నవ్వితే నవ్వనీ.

4 అక్టోబరు

మావయ్య సస్పెన్షన్ ఎత్తేశారు. నాకు మెమో ఇచ్చారు, ప్రొబేషన్ పొడిగించారు. సీటు మిగిలింది. సేన్‌గుప్తా గారికి ఏమిచ్చారో ఆయన చెప్పలేదు.

మావయ్య మా ఇంటికి రాలేదు. అమ్మ మాటిమాటికీ వీధిలోకి చూస్తోంది.

6 అక్టోబరు, ఆదివారం

బర్మామైన్స్ బజారుకి వెళ్లాను. చాయ్ దుకాణం ముందు జనం. మధ్యలో బల్ల మీద మావయ్య. పక్కకి తప్పుకుని పోదామనుకున్నాను, కానీ ఆయన గొంతు సందు చివరికీ వినిపిస్తుంది.

"ఎంత బాయిలరు! మేడంత. దాన్నాపాలంటే మావందరం సెమటలు కక్కాల. మా మేనగోడలు ఏసీ గదిలో కూకుని ఒక్క మాట మార్సినాది. ఒక్కటంటే ఒక్కటి! టక్కున సల్లారిపోనాది. ఊరంతా పరుగులు! అదీ దాని సెయ్యి!"

నేల చీలితే బావుండుననిపించింది. ఈలోగా నన్ను చూసేశాడు. "ఇదే. ఈ గుంటే" అన్నాడు. అందరూ తిరిగి చూశారు. ఎవరో బల్ల మీద జరిగి చోటిచ్చారు. నేను కూర్చోలేదు.

"మావయ్యా, ఊరుకో. నీ ఉద్యోగం పోయేది. బాయిలరు పేలేది. నువ్వు గొప్పగా సెప్పుకోడానికి ఇదా దొరికింది?" కళ్లలో నీళ్లు తిరిగాయి, దాచుకోలేదు.

మావయ్య లేచి నా దగ్గరికి వచ్చాడు. గొంతు తగ్గించాడు. ఆయన గొంతు తగ్గించడం నేను ఎప్పుడూ చూడలేదు.

"పోయేదే. సచ్చేవోణ్ని కూడా. అది నాకు తెలీదనుకున్నావేటి? ఆ దీపాలు సూసినాక మూడు రాత్రులు నిద్దర లేదే నాకు. నువ్వు రాసేది ఏదో అంకెలాట అనుకున్నాను. అంత బలముందని తెలీదు." నా తల మీద చెయ్యి పెట్టాడు, బరువైన చెయ్యి. "కోపం లేదు. ఒకటే సెప్తన్నాను. ఇంక నుంచి ఏ మాట రాసినా, దాని అవతల నాను నిలబడి ఉన్నానని రాయి."

మళ్లీ వెనక్కి వెళ్లి బల్ల మీద కూర్చుని, చాయ్ ఇంకోటి చెప్పాడు. కథ మొదటినుంచి ఎత్తుకున్నాడు. ఈసారి బాయిలరు ఇంకాస్త పెద్దదయింది.

7 అక్టోబరు

ఆవిరి ప్రెషర్ మీటరు డ్రైవరులో ఒక మాట మార్చాల్సి ఉంది. పొద్దున్నే కాగితం తెరిచాను, కలం పట్టుకున్నాను, పెట్టేశాను. సేన్‌గుప్తా గారితో చెప్పి, గది బయటికొచ్చి, ఫ్యాక్టరీలో ఇన్నాళ్లు పనిచేస్తూ ఎన్నడూ వెళ్లని బాయిలర్ హౌస్‌కి నడిచి వెళ్లాను. లోపల వేడికి ఊపిరి ఆడలేదు. తల పైకెత్తి చూస్తే దాని చివర కనపడలేదు. గొట్టాలు మార్చి మళ్లీ రాజేసిన నిప్పుని చిన్న కిటికీలోంచి చూపించారు. ఎర్రగా లేదు, తెల్లగా ఉంది. చూస్తూ ఉండిపోయాను.

ఆ తర్వాత ప్రెషర్ మీటరు ఎక్కడుందో, రోజంతా దాని పక్కన ఎవరు నిలబడతారో అడిగాను.

ఆయన పేరు ఆదిబాబు.